ఇంటి పద్దులు: పాటల పెట్టె మార్చే ముందు

ఈ శీర్షికలో నేను మామూలుగా డిపాజిట్లు, నామినేషన్లు, లాకరు తాళాల గురించి రాస్తుంటాను. ఈసారి కంప్యూటరు గురించి రాస్తున్నాడేమిటని పాఠకులు అనుకోవద్దు. ఇదీ ఆస్తి సంగతే. నా దృష్టిలో ఫిక్సెడ్ డిపాజిట్ కంటే కాస్త పెద్ద ఆస్తి సంగతి.

బరంపురంలోనే కాదు, బళ్లారిలో, హోసూరులో, సోలాపూరులో, యానాంలో మనవాళ్ల ఇళ్లకు వెళ్లినప్పుడు ఒక మూలను చూస్తుంటాను. పాత టేబులు మీద కంప్యూటరు, పక్కన ఒక మైకు, శ్రుతిపెట్టె, గోడకు దుప్పటో బొంతో కట్టి ఉంటుంది, గది మోగకుండా. ఇంట్లో ఎవరో ఒకరికి సంగీతం వచ్చి ఉంటుంది. పిల్లలకు పాఠం చెబుతూ చెబుతూ ఒకరోజు అమ్మమ్మనో మేనత్తనో కూర్చోబెట్టి పాడించి రికార్డు చేస్తారు. తలంటు పాటలు, హారతులు, లాలిపాటలు, అప్పగింతల పాటలు. ఏ కంపెనీ వారూ ఈ పాటలను రికార్డు వేయలేదు, వేయరు కూడా. బడిలో మన పిల్లలు చదివేది ఒడియా, కన్నడం, తమిళం, మరాఠీ, ఇంగ్లీషు. ఇంటి తెలుగు వాళ్ల చెవిన పడేది ఎక్కువగా పెద్దవాళ్ల నోటి నుంచే. ఆ నోరు మూగబోయాక మిగిలేది ఆ పెట్టెలోని ఫైలు ఒక్కటే.

సరిగ్గా ఆ పెట్టెకే ఇప్పుడు ముసలితనం వచ్చింది. విండోస్ 10 కి మైక్రోసాఫ్ట్ వారి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విడిగా నమోదు చేసుకున్న ఇళ్ల కంప్యూటర్లకు భద్రతా సవరణల కోసం మరో ఏడాది గడువు ఇచ్చారు, అంతే. 2021లో వచ్చిన విండోస్ 11 కి మారదామంటే, ఇంటెల్ వారి ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైవాటినే అది ఒప్పుకుంటుంది. 2016, 2017లో కొన్న కంప్యూటర్లు చాలామటుకు ఆ గీతకు ఇవతలే ఆగిపోయాయి. దాంతో ఇళ్లలో ఒకటే హడావుడి. కొడుకులు ఫోన్లో కొత్తది కొనేయమంటారు. వీధి చివర రిపేరు షాపులో కుర్రాడు ఫార్మాట్ చేసేస్తే స్పీడు పెరుగుతుందంటాడు. ఈ రెండో సలహా వినే ముందు దయచేసి ఈ వ్యాసం చదవండి.

కామర్సు చదివినవాణ్ణి కనుక ముందు తరుగుదల లెక్క చెబుతాను. ఆదాయపు పన్ను లెక్కల్లో వృత్తికి వాడే కంప్యూటరు మీద ఏడాదికి 40 శాతం చొప్పున, తగ్గిన విలువ మీద, తరుగుదల వేస్తారు. 50,000 రూపాయల పెట్టె మొదటి ఏడాది చివరికి 30,000, రెండో ఏడాదికి 18,000. తొమ్మిదేళ్లు గడిచేసరికి పుస్తకాల్లో మిగిలేది సుమారు 500 రూపాయలు. అదే పెట్టెలో 2016లో రికార్డు చేసిన పెద్దావిడ పాటకు ఆ తొమ్మిదేళ్లలో విలువ పెరిగిందే కానీ తరగలేదు. ఆవిడ ఇప్పుడు లేకపోతే దాని వెల కట్టే పద్ధతి ఏ అకౌంటెన్సీ పుస్తకంలోనూ లేదు. పెట్టెకు బీమా ఉంటుంది, గ్యారంటీ ఉంటుంది. పాటకు ప్రతి ఒక్కటే రక్ష.

మా వదినగారి ఇంటి సంగతి తీసుకుంటాను. ఆవిడ మా ఆవిడకు అక్కగారు, వయొలిన్ టీచరు. ఆవిడ కంప్యూటరు 2016 నాటిది. తొమ్మిదేళ్ల రికార్డింగులన్నీ కలిపి అందులో 310 గిగాబైట్లు ఉన్నాయి. అందులోనే మా అత్తగారు పాడిన 61 పాటలు ఉన్నాయి. మా అత్తగారు 2021లో పోయారు. కొత్త కంప్యూటరు కొనడానికి డబ్బుకు లోటు లేదు కానీ, పాతదాన్ని ముట్టుకోవడానికి వదినగారు నాలుగు నెలలు ఎవరినీ ఒప్పుకోలేదు. చివరికి నన్ను పిలిచి, "మరిదిగారూ, మీరు బ్యాంకులో కోట్ల లెక్కలు ఒక కంప్యూటరు నుంచి ఇంకోదానికి మార్చారు కదా, అమ్మ పాటలు మార్చలేరా?" అన్నారు. కోట్ల లెక్కలైతే తప్పు పోతే సరిదిద్దడానికి వోచర్లు ఉంటాయని, ఇక్కడ అవి లేవని ఆవిడకు చెప్పాను.

ముందు 310 గిగాబైట్లనూ ఒకే గంపలో చూడటం మానేయాలి. సరుకుల నిల్వ లెక్కల్లో ఏ, బి, సి అని మూడు వర్గాలు చేస్తారని కామర్సు చదివిన వారందరికీ తెలుసు. ఇక్కడా అంతే. పోతే మళ్లీ రానివి ఏ వర్గం. అంటే పోయినవారి గొంతులు, పిల్లల మొదటి పాటలు. పోతే కష్టపడి మళ్లీ చేసుకోగలిగినవి బి వర్గం. ఇవి పాఠాల రికార్డింగులు, కలిపి సరిచేసుకున్న మిశ్రమాలు. సాఫ్ట్‌వేరు, తంబురా శబ్దాల సంచులు, తబలా నమూనాలు మళ్లీ దించుకోవచ్చు కనుక సి వర్గం. వదినగారి దగ్గర సి వర్గమే 190 గిగాబైట్లు తేలింది! మా అత్తగారి పాటలు మొత్తం కలిపి 7 గిగాబైట్లు లేవు. లెక్క మీరే చూడండి. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ మీద రికార్డు చేస్తే ఒక మైకు నిమిషానికి 8.64 మెగాబైట్లు తింటుంది. గొంతుకొకటి, శ్రుతికొకటి, రెండు మైకులంటే 17 పైచిలుకు. ఆరు నిమిషాల పాట వంద మెగాబైట్ల మీద కొంచెం. జేబులో పట్టే పెన్ డ్రైవులో ఒక మనిషి గొంతంతా పట్టేస్తుంది. ఇన్నాళ్లూ 310 గిగాబైట్లు ఎక్కడ దాచాలి, ఎంత ఖర్చవుతుంది అని వెనుకాడినవారికి అసలు పని ఎంత చిన్నదో దీన్నిబట్టి తెలుస్తుంది.

పెన్ డ్రైవులో పట్టేస్తుందన్నాను కదా అని పెన్ డ్రైవునే నమ్ముకోమని కాదు. అది చేతిసంచీ వంటిది, తీసుకెళ్లడానికే. దాచడానికి కాదు.

ఇక అందరూ తడబడే చోటు ఒకటి ఉంది. రికార్డింగు సాఫ్ట్‌వేరులో మనం సేవ్ చేసే ప్రాజెక్టు ఫైలులో సాధారణంగా పాట ఉండదు. పాట ఎక్కడుందో చెప్పే చిరునామాలు, ఎక్కడ కోశాం, ఎక్కడ పెంచాం అన్న రాతలు మాత్రమే ఉంటాయి. ప్రాజెక్టు ఫైలు లెడ్జరు, ఆడియో ఫైళ్లు వోచర్లు అనుకోండి. లెడ్జరు ఒక్కటే సంచీలో వేసుకెళ్తే అవతల శాఖలో ఏమీ తేలదు. ప్రాజెక్టు ఫైలు చూస్తే కొన్ని కిలోబైట్లే ఉంటుంది. అది చూసి పాట భలే చిన్నగా ఉందే అని కాపీ చేసుకుని తృప్తిపడినవారు నాకు తెలుసు. ఉచితంగా దొరికే ఆడాసిటీలో 2021లో వచ్చిన మూడో వెర్షను నుంచి ప్రాజెక్టూ శబ్దమూ ఒకే ఫైలులో ఉంటున్నాయి. పాత వెర్షనులో చేసినవైతే ఫైలుకు తోడు అదే పేరుతో ఒక సంచీ ఉంటుంది, రెండూ వెళ్లాలి. రీపర్, క్యూబేస్ వంటి వాటిలో ప్రాజెక్టుకు సంబంధించిన ఆడియోనంతా ఒకచోటికి చేర్చి దాచే ఏర్పాటు ఉంది. అది వాడాలి. లేకపోతే ఒక మైకు శబ్దం డెస్క్‌టాప్ మీద, ఇంకోటి డౌన్‌లోడ్స్‌లో, మూడోది ఎప్పుడో పీకేసిన పెన్ డ్రైవులో ఉండిపోతాయి.

ఇది చేశాక కూడా ఏ వర్గం పాటలకు నేను మరో పని చేయించాను. ప్రతి మైకు శబ్దాన్నీ పాట మొదటి క్షణం నుంచి చివరి క్షణం దాకా ఒకే పొడవు గల వేవ్ ఫైలుగా విడిగా తీయించాను. ప్రతిధ్వని వంటి మెరుగులు లేకుండా ఒకటి, ఉంచి ఒకటి. ఎందుకంటే వదినగారు పాటలకు వాడిన ప్రతిధ్వని పనిముట్టు పాత 32 బిట్ల కాలం నాటిది. ఈనాటి 64 బిట్ల సాఫ్ట్‌వేరులు చాలావాటిలో అవి తెరుచుకోవు. 2016 చివర్లో వచ్చిన క్యూబేస్ 9 వాటికి అప్పుడే సెలవిచ్చేసింది. సాఫ్ట్‌వేరు పోయినా, కంపెనీ మూతపడినా, వేవ్ ఫైలు తెరుచుకుంటుంది. 1991 నుంచి ఉన్న ఆ పద్ధతిని ఏ కంప్యూటరైనా గుర్తుపడుతుంది. ఎంపీ3 లో దాచాం కదా అంటారు కొందరు. ఎంపీ3 ఫోన్లో వినడానికి బాగుంటుంది. కానీ అది సైజు తగ్గించడానికి శబ్దంలో కొంత శాశ్వతంగా తీసేసిన ప్రతి. జిరాక్సును అసలు పత్రంగా దాచుకోం కదా.

ఎన్ని ప్రతులు, ఎక్కడ? పీటర్ క్రో అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి మరో చోట. మేం బ్యాంకులో దీన్ని ఆ పేరు తెలియకుండానే చేశాం. అన్ని శాఖలూ ఒకే కేంద్రానికి కలవక ముందు, సాయంత్రం లెక్క ముగిశాక ఆ రోజు పద్దులన్నీ టేపు మీదికి ఎక్కించేవాళ్లం. ఒక టేపు మా బీరువాలో, ఇంకోటి పక్క శాఖ బీరువాలో. వర్షమొచ్చినా సమ్మె అయినా టేపు పెట్టె ఆ శాఖకు చేరాల్సిందే. కొత్తగా చేరిన గుమాస్తాలకు ఆ తిరుగుడు చాదస్తంగా తోచేది. ఇక్కడ గంజాంలో ఉండేవారికి మాత్రం 2013 అక్టోబరు 12 రాత్రి తర్వాత అది చాదస్తంగా తోచి ఉండదు. ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. బరంపురంలో చెట్లూ స్తంభాలూ రోడ్ల మీద, కరెంటు రోజుల తరబడి లేదు. కప్పులు లేచిపోయిన ఇళ్లలో కంప్యూటరూ దాని పక్కనే పెట్టుకున్న బ్యాకప్ డిస్కూ ఒకే నీళ్లలో తడిశాయి. అదే బీరువాలో ఉన్న రెండో ప్రతి, తుపాను ముందు రెండో ప్రతి కాదు.

మరో చోట అంటే నెట్‌లో దాస్తే చాలదా అని అడుగుతారు. ఏ వర్గం 7 గిగాబైట్లకు అది చక్కని చోటే. గూగుల్ వారి ఉచిత ఖాతాలో 15 గిగాబైట్లు పడతాయి, అయితే మీ ఉత్తరాలూ ఫొటోలూ కూడా అందులోనే లెక్క. కానీ ఒక తేడా గమనించాలి. మీ కంప్యూటరులోని సంచీని నెట్‌లోని సంచీతో ఎప్పటికప్పుడు సమానం చేస్తూ పోయే ఏర్పాటు వేరు, బ్యాకప్ వేరు. ఇక్కడ మనవడు ఒక ఫైలు చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. గూగుల్ డ్రైవులోనైతే చెత్తబుట్టలో 30 రోజులుండి తర్వాత పూర్తిగా పోతుంది. మూడు నెలల తర్వాత పండుగకు పాట వెతుక్కునేవారికి ఆ 30 రోజులు ఏ మూలకు? ఎక్స్‌టర్నల్ డిస్కుకు కాపీ చేసే సాఫ్ట్‌వేరుల్లో కూడా అద్దంలా సమానం చేసే పద్ధతి ఒకటుంటుంది. దాన్ని వాడేటప్పుడు ఏది అసలు, ఏది నకలు అన్నది తారుమారైతే ఖాళీ సంచీ వచ్చి నిండు సంచీని ఖాళీ చేస్తుంది. కొత్తవారికి నా సలహా, సమానం చేయడం జోలికి పోకుండా తేదీ వేసిన కొత్త సంచీలోకి కాపీ చేసుకోవడమే. చోటు కాస్త వృథా అవుతుంది, అవనివ్వండి. కాపీ అవగానే డిస్కును కంప్యూటరు నుంచి పీకేయాలి. ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్‌లు, తగిలించి ఉంచిన డిస్కుకూ తాళం వేస్తాయి.

మేం రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు కొన్నాం. రెండూ కలిపి 12,000 రూపాయల లోపే అయ్యాయి. వేర్వేరు కంపెనీలవి తీసుకోమన్నాను, ఒకే తయారీ లోపం రెండింటికీ ఉండకుండా. పని చేసుకునే డిస్కుకు ఎస్‌ఎస్‌డీ మంచిదే, వేగం, చప్పుడు లేదు. బీరువాలో ఏళ్ల తరబడి పడుకోబెట్టే ప్రతికి మాత్రం పాతకాలపు తిరిగే డిస్కే నాకు ఇష్టం. ఎస్‌ఎస్‌డీలో సమాచారం విద్యుదావేశంగా ఉంటుంది, కరెంటు తగలకుండా ఏళ్లు గడిస్తే కారిపోయే అవకాశం ఉంది. తిరిగే డిస్కును కూడా ఆరు నెలలకోసారి తగిలించి తిప్పాలి. సముద్రపు గాలి ఊళ్లలో మూత గట్టి డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పాటు ఉంచాలి.

కాపీ మొదలుపెట్టాం. 38వ పాట దగ్గర ఆగిపోయింది. తెర మీద ఏదో చదవలేకపోతున్నానన్న వాక్యం, పెట్టెలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు. అది అప్పగింతల పాట. మా అత్తగారు తన అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది. వదినగారి పెళ్లిలో, మా పెళ్లిలో ఆవిడే పాడారు. ఇంకెవరికీ పూర్తిగా రాదు.

ఇలాంటప్పుడు జనం చేసే పని మళ్లీ మళ్లీ ప్రయత్నించడం. అది చేయకూడదు. చావుబతుకుల్లో ఉన్న డిస్కుకు ప్రతి ప్రయత్నమూ ఒక మెట్టు ఎక్కించడమే. విండోస్ తనంతట తాను డిస్కును సరిచేస్తానని అడుగుతుంది, దానికీ వద్దని చెప్పాలి. అది చూసుకునేది డిస్కు పద్ధతిని, మీ పాటను కాదు. మేం కంప్యూటరు ఆపేశాం. మా శాఖలో కంప్యూటర్లు చూసే కుర్రాడు ఆదివారం వచ్చి, డిస్కును విప్పి, తన ల్యాప్‌టాప్‌కు తగిలించి, లైనక్స్‌లో ఉచితంగా దొరికే డీడీరెస్క్యూ అనే పనిముట్టును నడిపాడు. అది ముందు చదవగలిగినదంతా చదివేసి భద్రపరుస్తుంది. చెడ్డ జాగాల దగ్గర మొండికేయకుండా దాటిపోయి, చివర్లో మాత్రం వాటి దగ్గరికి మళ్లీ వస్తుంది. తెలివైన రికవరీ ఆఫీసరు కూడా అంతే చేస్తాడు, ఇచ్చేవాళ్ల దగ్గర ముందు వసూలు చేసుకుంటాడు. రాత్రంతా నడిచింది. తెల్లవారేసరికి 61 పాటల్లో 60 చెక్కుచెదరకుండా వచ్చాయి. అప్పగింతల పాటలో శ్రుతి ఫైలు బాగుంది, గొంతు ఫైలులో నాలుగు సెకన్లు లేవు. ఆ నాలుగు సెకన్లూ నిశ్శబ్దం.

వదినగారి అబ్బాయి పూనాలో ఉంటాడు. పాట పూర్తయినప్పుడు వాళ్లమ్మ పంపిన ఎంపీ3 తన ఫోన్లో ఉందని, "బాబాయ్, ఇదేమైనా పనికొస్తుందా?" అని పంపాడు. పనికొచ్చింది, సగమే. అందులోనూ ఆ చోట గొంతు లేదు, శ్రుతి ఒక్కటే. వదినగారు విని, కాసేపు ఊరుకుని, "అక్కడ అమ్మ దగ్గింది మరిదిగారూ. పాట బాగుండాలని నేనే ఆ దగ్గు తీసేసి పంపాను" అన్నారు. పాటలో మాట ఒక్కటీ పోలేదన్నమాట. పోయింది దగ్గు. ఆ దగ్గు కోసం వదినగారు ఎంతసేపు ఏడ్చారో నేను రాయను.

మేం అసలు ఫైలును ఖాళీతో సహా అలాగే ఉంచాం. అతుకు వేసిన ప్రతిని వేరే పేరుతో పక్కన పెట్టాం. అసలు మీద దిద్దుబాటు చేయకూడదన్నది పద్దు పుస్తకాల నియమం. తప్పయినా గీత కొట్టి పక్కన రాస్తాం కానీ చెరపం.

కాపీ అయింది కదా అని ఊపిరి పీల్చుకోవడానికి లేదు. అసలూ నకలూ ఒకటేనా అని సరిచూడాలి. హ్యాష్ అని ఒక లెక్క ఉంది. ఫైలు మొత్తాన్ని నమిలి 64 అక్షరాల ముద్ర ఒకటి ఇస్తుంది. ఫైలులో ఒక్క బిట్టు మారినా ముద్ర పూర్తిగా మారిపోతుంది. రెండు చోట్లా ముద్ర కలిస్తే ట్యాలీ అయినట్టే. ఇది చేసిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేరులు ఉన్నాయి, చేత్తో చేయనక్కర్లేదు. ఆ తర్వాత డిస్కును ఇంకొకరి కంప్యూటరుకు తగిలించి పాటలు తెరిచి చూడాలి. సొంత కంప్యూటరులో తెరిస్తే అది మాయ చేయవచ్చు. ప్రాజెక్టు ఫైలు పాత చిరునామాలోని శబ్దాన్నే వినిపించి, బ్యాకప్ బాగుందనిపిస్తుంది.

ఇది పెద్దవాళ్లకూ తప్పలేదు. 1998లో పిక్సార్ స్టూడియోలో టాయ్ స్టోరీ 2 సినిమా తయారవుతుండగా, చెరిపివేసే ఆజ్ఞ ఒకటి పొరపాటున నడిచి సినిమా ఫైళ్లు వాళ్ల కళ్ల ముందే మాయమైపోతూ వచ్చాయి. బ్యాకప్ ఉంది కదా అని తీస్తే అది కొన్నాళ్లుగా సరిగా పనిచేయడమే లేదని తేలింది. గేలిన్ సుస్మన్ అనే సాంకేతిక పర్యవేక్షకురాలు, బిడ్డ పుట్టి ఇంటి నుంచి పనిచేస్తున్నందువల్ల, తన ఇంట్లో ఒక ప్రతి ఉంచుకున్నారు. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు కారులో తెచ్చారు. సినిమా 1999 నవంబరులో విడుదలైంది. అంత సొమ్మున్న స్టూడియోను కాపాడింది బాలెంతరాలి ఇంట్లో ఉన్న పెట్టె.

ఇదంతా అయ్యాకే కొత్త కంప్యూటరు. ఈ భాగం క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే పాటలు భద్రమయ్యాక ఇది వట్టి కొనుగోలు. పాత డిస్కును యథాతథంగా కొత్త ఎస్‌ఎస్‌డీ మీదికి ఎక్కించుకోవచ్చు కానీ, తొమ్మిదేళ్ల చెత్త కూడా వెంట వస్తుంది. యంత్రమే మారుతున్నప్పుడు సాఫ్ట్‌వేరు కొత్తగా వేసుకోవడమే మేలు. వేసుకునే ముందు పాత కంప్యూటరులో లైసెన్సును రద్దు చేయడం మరవద్దు, కొన్నిటికి రెండు యంత్రాలకే అనుమతి. మైకును కంప్యూటరుకు కలిపే ఇంటర్‌ఫేసుకు విండోస్ 11 డ్రైవరు ఉందో లేదో ఆ కంపెనీ వారి సైటులో చూశాకే డబ్బు చెల్లించండి. పాత ఫైర్‌వైర్ తీగతో పనిచేసేదైతే దాదాపు ఆశ వదులుకోవచ్చు. మెమరీ 16 గిగాబైట్లు ఇంటి రికార్డింగుకు చాలు, షాపువాడు 64 అంటాడు. ఆ డబ్బుతో మంచి మైకు కొనుక్కోండి. ఫ్యాను చప్పుడు తక్కువున్న పెట్టె చూసుకోవాలి. లాలిపాట నెమ్మదిగా పాడతారు, వెనక ఫ్యాను హోరు వినబడుతుంది.

పాడేవారికి హెడ్‌ఫోన్‌లో తమ గొంతు ఆలస్యంగా వినిపిస్తుంటే బఫరు అనే సంఖ్య తగ్గించాలి. 48 కిలోహెర్ట్జ్ మీద 1024 పెడితే ఆ ఒక్క మెట్టులోనే 21 మిల్లీసెకన్ల ఆలస్యం, 128 పెడితే మూడు లోపే. రికార్డింగుకు తక్కువ, తర్వాత కలుపుకునేటప్పుడు ఎక్కువ. కొత్త యంత్రం వల్ల వదినగారికి కలిగిన అసలు లాభం ఇదే. పాతదానిలో తక్కువ పెడితే శబ్దం పిటపిటలాడేది.

కొత్తది కొనలేని వారు, కొననక్కర్లేదనుకునే వారు పాతదాన్నే నెట్ తీగ పీకేసి కేవలం రికార్డింగుకు ఉంచుకోవచ్చు. మద్దతు ఆగినంత మాత్రాన విండోస్ 10 పనిచేయడం మానదు. నేనేమీ తప్పుపట్టను. కాకపోతే తొమ్మిదేళ్ల హార్డ్ డిస్కును మాత్రం మార్చి తీరాలి, ఎస్‌ఎస్‌డీ వేస్తే ఆ పాత పెట్టే పడుచుదైపోతుంది.

మన ఇళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి మిగిలింది. వదినగారు పాటల సాహిత్యాన్ని పాత డీటీపీ ఫాంటులో టైపు చేయించి ఉంచారు. యూనికోడ్ కాని ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అక్షరాలు కాదు, ఇంగ్లీషు గుర్తుల కలగాపులగం కనిపిస్తుంది. ఫైలు భద్రంగానే ఉంటుంది, చదివే దిక్కుండదు. పాత కంప్యూటరు బతికుండగానే వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, లేదా కనీసం పీడీఎఫ్‌గా చేసి పెట్టుకోవాలి. ప్రింటు తీసి ఫైలు చేస్తే మరీ మంచిది. పూనాలో ఉన్న మనవరాలికి తెలుగు మాట వచ్చు, లిపి రాదు. అందుకని ప్రతి పాట ముందూ వదినగారే మైకు ముందు కూర్చుని, ఈ పాట ఎవరు పాడారు, ఏ ఏడు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ సందర్భంలో పాడతారు అని అరనిమిషం చెప్పి, విడి ఫైలుగా పక్కన పెట్టారు. 61 పాటలకు పట్టింది మూడు మధ్యాహ్నాలు. మీరు కొత్తగా రికార్డు చేసేటప్పుడైతే పాడేవారితోనే చెప్పించేయండి. కొన్ని ఊళ్ల పేర్లు, కొన్ని వరసలు వాళ్ల నోటనే సరిగ్గా వస్తాయి.

ఇప్పుడు ఆ పాటలు వదినగారి కొత్త కంప్యూటరులో ఒకటి, మా ఇంటి బీరువాలో ఒకటి, పూనాలో ఒకటి, నెట్‌లో ఒకటి ఉన్నాయి. పూనా డిస్కు దసరాకు అబ్బాయి వచ్చినప్పుడు తెస్తాడు, కొత్త పాటలు ఎక్కించి పంపిస్తాం.

పాత కంప్యూటరు అమ్మేవారికి ఒక మాట. ఫైళ్లు చెరిపినంత మాత్రాన డిస్కు మీద నుంచి పోవు. బ్యాంకు పాస్‌వర్డులు, ఆధార్ కాపీలు తవ్వి తీయగలిగినవారున్నారు. డిస్కు విప్పి ఉంచుకుని మిగతా పెట్టె అమ్మేయండి, ధరలో పెద్ద తేడా రాదు. వదినగారు తన పాత డిస్కును ఒక గుడ్డలో చుట్టి దాచారు. అది పనికిరాదని చెప్పి చూశాను, వినలేదు.

ఇళ్లలో మిగిలిపోయిన కేసెట్లను కంప్యూటరుకు ఎక్కించడం గురించి ఇద్దరు ముగ్గురు అడిగారు. అది వచ్చే సంచికలో. ఈలోగా మీ ఇంటి టేప్‌రికార్డరు ఇంకా తిరుగుతోందో లేదో చూసి, తిరగకపోతే సంపాదకులకు ఒక కార్డు ముక్క రాయండి. రిపేరు చేసేవారు ఏ ఊళ్లో మిగిలారో కనుక్కుని పెడతాను.